చిటికెన వేలి గోరు

రాళ్ల నమూనాలు పరీక్షించే ల్యాబు. పోలరైజింగ్ మైక్రోస్కోపు ముందు భార్య, వెనకాల భర్త. ఇద్దరి ఉద్యోగమూ అక్కడే.

"...ఆ కొత్తమ్మాయి పిలిస్తే మాత్రం లేడిలా పరిగెత్తారట! నా లెన్సు సెంటరు తప్పితే ముక్కుతూ మూలుగుతూ వస్తారు."

"ఎక్కడ పరిగెత్తానే? పిలిచిందని వెళ్లా. వెళ్లేసరికే తనే సరిచేసుకుంది."

"తనే! ఎలా సరిచేసుకుందో?"

"అందరూ చేసినట్టే. ముందు నీది చూడు. స్లైడు కింద గుండ్రటి స్టేజి తిప్పు. ఆ నల్ల చుక్క అడ్డగీత, నిలువుగీత కలిసేచోటే నిలుస్తోందా?"

"ఎక్కడ నిలుస్తోంది? గానుగెద్దులా చుట్టూ తిరుగుతోంది. కొందరు మగాళ్లలాగ."

"అబ్బబ్బ! సగం దూరం స్క్రూతో లాగు. మిగతా సగం స్లైడు జరుపు."

"దేంతో జరపమంటారు? చిటికెన వేలి గోరుతోనా?"

"దేంతోనో ఒకదాంతో."

"పొద్దున కళ్లారా చూశాను. ఆ పిల్ల గోరుతోనే జరిపింది. మిగతా వేళ్లకి గోళ్లు లేవు, ఆ ఒక్కదానికే పెంచింది. అచ్చం నాలాగే."

"గోళ్లన్నాక పెరగవా?"

"వేళాకోళం చాలు. పెళ్లికి ముందు నన్నిక్కడ కూచోబెట్టి ఏమన్నారు? 'ఈ గోటి కిటుకు ఏ పుస్తకంలోనూ ఉండదు, నేను కనిపెట్టింది, నీకొక్కదానికే చెబుతున్నా' అన్నారా లేదా?"

"అన్నాననుకో..."

"అనుకోవడమేంటి, అన్నారు! ఆ మాటకే పడిపోయాను. మా నాన్న చూసిన సంబంధాలన్నీ వద్దన్నాను. ఇన్నేళ్లూ అంట్లు తోముతూ కూడా ఈ గోరు విరక్కుండా కాపాడుకున్నాను."

"మెల్లగా... పక్క గదిలో జనం ఉన్నారు."

"విననీయండి! మీరు నాకిచ్చింది అదొక్కటే. దాన్నీ పంచిపెట్టేశారు."

"నేను నేర్పలేదే. నీమీద ఒట్టు."

"నామీద ఒట్టేయకండి, ఇంకొన్నాళ్లు బతకాలి నేను. మీరు నేర్పకపోతే ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"వాళ్లమ్మ నేర్పిందట."

"వాళ్లమ్మా? ఆవిడెవరు మధ్యలో?"

"నువ్వు చేరకముందు ఇక్కడే పనిచేసేది. పెళ్లయి వెళ్లిపోయింది."

"వెళ్లిపోతే వెళ్లిపోయింది, మీరెందుకు నేలచూపులు చూస్తారు?"

"ఏం లేదు. చుక్క నిలిచిందేమో చూడు."

"చుక్క ఎక్కడికీ పోదు. ఇటు చూడండి. అంటే, నాకంటే ముందు ఆవిడకి నేర్పారన్నమాట."

"లేదు."

"మళ్లీ లేదంటారు! మీరు నేర్పకుండా ఆవిడకెలా వచ్చింది? చెప్పండి!"

"చెబితే వింటావా?"

"వింటాను. చెప్పండి."

"నేను ఆవిడకి నేర్పలేదే. ఆవిడే నాకు నేర్పింది."