పేరు వద్దన్నవాడు

శాన్‌ఫ్రాన్సిస్కోలో, హెయిట్ వీధిలో, పాత కచేరీల పోస్టర్లూ కాగితాలూ అమ్మే కొట్టు. ఒక ముసలాయన రంగురంగుల కచేరీ కరపత్రాన్ని వెలుతురుకి పట్టి చూస్తున్నాడు. కొట్టావిడ గల్లా దగ్గర్నుంచే కేకేసింది.

"అది మీకొద్దు పెద్దాయనా. పంతొమ్మిది వందల అరవైయేడు నాటిదే, గిటారు వాయించినాయన సంతకమూ అసలుదే. కానీ పైన 'లొరెట్టాకి, ప్రేమతో' అని రాసేశాడు. పేరుంటే ఎవరూ కొనరని నాకు నేర్పింది మీరేగా?"

"నేనే. ఆ రోజు కచేరీ అయ్యాక, డాన్సు హాలు మెట్ల మీద సంతకాల వరసలో ఈ లొరెట్టా నా ముందే నిలబడిందమ్మా. పేరడిగి మరీ రాశాడు."

"మరి మిమ్మల్ని అడగలేదా?"

"అడిగాడు. పేరొద్దు, ఉత్త సంతకం చాలన్నాను. విలువ తగ్గిపోతుందని."

"అబ్బో, ఆ వయసులోనే ఎంత ముందుచూపో!"

"ఆ తర్వాత కూడా అందరితో అదే మాట. ఇంట్లో సంతకాల కాగితాలు మూడొందల పైనే ఉన్నాయి. దేని మీదా పేరు లేదు."

"ఇంకేం, అదృష్టవంతులు."

"మొన్న అన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నాను. అవి నాకోసం పెట్టినవే అనడానికి గుర్తేం లేదు, ఎవరివైనా కావచ్చనిపించిందమ్మా."

"సరే, మరి దీన్నేం చేసుకుంటారు?"

"గోడకి పెట్టుకుంటాను. ఆ పిల్ల వెనకాల నిలబడ్డది నేనే."