ఖాళీ తారీఖు

రేడియో ఆఫీసు వెనక గది, పొద్దున తొమ్మిదిన్నర. "ఇదే రోజున పాటల్లో" అనే నిమిషమున్నర ముక్కని ఇరవై రెండేళ్ళుగా రాస్తున్న పెద్దాయన్ని వెతుక్కుంటూ విన్నవాళ్ళెవరైనా రావడం ఇదే మొదలు. వచ్చినావిడ కుర్చీ చూపించినా కూర్చోదు. మురిసిపోవాలో భయపడాలో ఆయనకి తెలియడం లేదు, పాపం.

"ముందు కూర్చోండమ్మా. అలా నిలబడి అడిగితే నాకు కంగారు."

"కూర్చునే టైం లేదండీ. పొద్దున మీరు చెప్పింది నిజమేనా? అది చెప్పండి, వెళ్ళిపోతాను."

"పొద్దున చాలా చెప్పాం. ఇదే రోజున మొట్టమొదటి ఆడవాళ్ళ బ్యాండు స్టేజీ ఎక్కిందని చెప్పాం. ఒక రికార్డు లక్ష అమ్ముడుపోయిందని..."

"అవి కాదు. ఆఖర్న."

"ఆఖర్న... ఆ, లాంతరు."

"లాంతరు పాట పాడినాయన పదమూడేళ్ళ కిందట ఇదే రోజున పోయాడని చదివింది మీ అమ్మాయి. ఆయన మా ఆయన."

"అయ్యయ్యో! అమ్మా, నాకు తెలీదు. ఆయనకి భార్య ఉందని ఎక్కడా..."

"ఉంది. కొడుకూ ఉన్నాడు. ఎక్కడ పోయాడు? ఏ ఊళ్ళో? ఎవరు చూశారు?"

"ఏం గొంతమ్మా అది! ఒక్క పాటతో జనం పేరు మర్చిపోయి లాంతరు, లాంతరు అని..."

"గొంతు సంగతి నాకు చెప్పకండి. అది పోయినప్పుడు ఇంట్లో ఉన్నది నేను."

"గొంతు పోయిందా?"

"మీ ఫైళ్ళలో లేదా? రెండో లైనుకి వచ్చేసరికి చీలిపోయేది. కోరస్ గుంపులో వెనక నిలబెట్టారు. తర్వాత అదీ లేదు. పదిహేడేళ్ళ కిందట, రికార్డింగుంది అని చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాడు. ఆ రోజు ఎక్కడా రికార్డింగే లేదట. అంతే, మళ్ళీ రాలేదు."

"అంటే నాలుగేళ్ళు ఎక్కడో ఉండి..."

"ఎక్కడున్నాడో మీరే చెప్పాలి. పోయిన తారీఖు తెలిసింది మీకే కదా!"

"అమ్మా, ఐదేళ్ళుగా చదువుతున్నాం ఆ మాట. ఇప్పుడెందుకు ఇవన్నీ తవ్వుకోవడం?"

"ఐదేళ్ళ కిందట విన్నప్పుడు కుట్టుమిషను మీదున్నాను. సూది వేలికి దిగింది. పేపరాఫీసుకి పరిగెత్తాను, వాళ్ళదీ అదే తారీఖు. పాటల పుస్తకం కొన్నాను, అందులోనూ అదే. మూడు చోట్లా ఉంటే ఇంక నిజం కాకేం అవుతుంది? మా వాణ్ణి కూర్చోబెట్టి, మీ నాన్న లేడురా అని చెప్పాను. వాడికి పద్దెనిమిది. పీడా పోయింది అన్నాడు. అని, స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని గంటసేపు బయటికి రాలేదు."

"మరింకేం? మూడు చోట్లా ఉందిగా."

"ఉంది. అయినా మీ నోటితో వినాలి. పన్నెండింటికి నేనొక చోట సంతకం పెట్టాలి. ఆయన ఎప్పుడో పోయాడన్నది ఖాయమైతేనే నా చెయ్యి ఆడుతుంది."

"ఏం సంతకం?"

"అది మీకెందుకు? ఖాయమని చెప్పండి."

"సార్, రేపటి కాగితం ఇస్తారా? అరె, ఎవరో ఉన్నారే. సారీ అండీ."

"తర్వాత రా అమ్మాయ్."

"ఈ గొంతే! పొద్దున చదివింది నువ్వే కదమ్మా?"

"నేనేనండీ. బాగుందా?"

"లాంతరు పాటాయన పోయిన సంగతి మీకెవరు చెప్పారు?"

"పేపర్లో కూడా ఉంటుందిగా అండీ. పేపరువాళ్ళూ మా దగ్గర్నుంచే తీసుకుంటారనుకోండి. నెల మొదట్లోనే ఆ నెల తారీఖులన్నీ సార్ వాళ్ళకి పంపిస్తారు, వాళ్ళు అన్నీ ఒకేసారి వేసేస్తారు."

"అమ్మాయ్!"

"ఏం సార్, నిజమేగా? పుస్తకం రాసినాయనా మన ఫైలే పట్టుకెళ్ళాడు. పాటల చరిత్రంతా ఈ బీరువాలోంచే బయటికెళ్తుందని మీరే అంటుంటారు."

"నువ్వు ముందు బయటికి నడు. తలుపు వేసి వెళ్ళు."

"వెళ్తున్నా సార్, వెళ్తున్నా. ఇప్పుడు నేనేమన్నానని..."

"అయితే మూడు చోట్లు కాదన్నమాట. ఒక్క చోటే."

"అలా కాదమ్మా..."

"పేపరు మిమ్మల్ని చూసి రాసింది, పుస్తకం మిమ్మల్ని చూసి రాసింది. మీరెవర్ని చూసి రాశారు?"

"పాత కాగితాలు... బీరువా తీయాలంటే తాళంచెవి..."

"బీరువాకే వేలాడుతోంది."

"అమ్మా, నన్నిలా నిలదీస్తే ఎలా? పెద్దవాణ్ణి."

"మంగళవారం ఒకాయన మా ఇంటికొచ్చాడండీ."

"ఎవరు?"

"గడ్డం, చేతిసంచి. నేనే లాంతర్ని అన్నాడట."

"అన్నాడట అంటే?"

"నేను షాపులో ఉన్నాను, మా వాడొక్కడే ఇంట్లో. ఎక్కడో టీ కొట్లో ఈ నెల పేపరు చూశాడట. తన చావు చూసుకున్నాడట. ఆ ముక్క చింపి పట్టుకొచ్చి, ఇది తప్పురా, నేను చావలేదు, మీ నాన్నని అన్నాడట."

"పేపరు చూసి... మేం పంపిందే చూసి వచ్చాడా?"

"మా వాడు నమ్మలేదు. ఆరేళ్ళప్పుడు చూసిన మొహం, ఏం గుర్తుంటుంది? అయితే లాంతరు పాట పాడు చూద్దాం అన్నాడట. ఆయన నోరు తెరిచాడట. గొంతు రాలేదట."

"రాదు! రాదమ్మా, ఎలా వస్తుంది, పోయిందని ఇందాక మీరే అన్నారుగా! ఉండండి. నేనొకటి చెప్పాలి. చెప్పకపోతే నాకు పుట్టగతులుండవు."

"చెప్పండి."

"ఫైల్లో ఏం లేదు."

"ఏం లేదంటే?"

"ఈ తారీఖు ఖాళీ. ఏడాదిలో అలాంటివి పదో పన్నెండో ఉంటాయి. ఎవరూ పుట్టరు, ఎవరూ పోరు, ఒక్క పాటా రాదు. కానీ నిమిషమున్నర నిండాలి కదా! ఏం చెయ్యను?"

"ఆ ఆడవాళ్ళ బ్యాండు?"

"అదీ నేనే."

"లక్ష రికార్డులు?"

"అవీ నేనే. ఒక చావు కూడా ఉంటే బాగుంటుంది, జనం ఆగి వింటారు అన్నారు పైవాళ్ళు. లాంతరు ఎన్నాళ్ళ నుంచో కనబడటం లేదు, ఎక్కడో పోయే ఉంటాడనుకున్నాను. అడిగేవాళ్ళెవరూ ఉండరనుకున్నాను."

"అడిగేవాళ్ళెవరూ ఉండరని."

"తిట్టండమ్మా. చెప్పు తీసుకుని కొట్టినా పడతాను. మొదటి ఏడు భయపడ్డాను. తర్వాత పేపర్లో చూశాను, పుస్తకంలో చూశాను. మీమీద ఒట్టు, నేనూ నమ్మేశాను."

"ఖాయంగా మీరే రాశారా? ఎవరూ ఉత్తరం రాయలేదా? ఫోను చేసి చెప్పలేదా?"

"లేదు. కూర్చుని, ఈ చేత్తో, ఈ బల్ల మీద రాశాను. కానీ మంచిదే కదమ్మా! మీ ఆయన బతికే ఉన్నాడు! నేను చంపేసినాయన తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికొచ్చాడు. రేపే తప్పు దిద్దిస్తాను. నా ఉద్యోగం పోతే పోనీ. అమ్మాయ్! ఇలా రా!"

"పిలవకండి."

"లేదు, ఊరంతా వినాలి..."

"పిలవొద్దన్నానా! మీరు నిజమే అంటారని ఎంత ఆశతో వచ్చానో మీకేం తెలుసు?"

"నిజమనా? పోయాడనా?"

"పోయాడనే. పదమూడేళ్ళ కిందటే, ఎక్కడో, ఎవరి చేతిలోనో."

"అదేంటమ్మా? మనిషి తిరిగొస్తే ఎవరైనా..."

"పాడలేకపోయేసరికి మా వాడికి ఒళ్ళు మండింది. దొంగనాయాలా, మా అమ్మని ఇంకా ఏడిపించడానికొచ్చావా అని మెడ పట్టుకుని గెంటాడు. మాది మూడో అంతస్తు. మెట్ల మలుపులో తల తగిలింది."

"అయ్యో... ఇప్పుడెలా ఉన్నాడు?"

"శవాల గదిలో ఉన్నాడు. కాలు జారి పడ్డాడని రాసుకున్నారు పోలీసులు. నిన్న దుప్పటి తీసి చూపిస్తే, గడ్డం వెనక మొహం ఆయనదే అనిపించింది. తెలియదన్నాను. రేడియోలో పోయినాయన మళ్ళీ ఎలా పోతాడు అని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే మా వాడు హాయిగా అన్నం తింటున్నాడు. ఎవరో మోసగాడే కదమ్మా అన్నాడు."

"అమ్మా... ఇప్పుడేం చేస్తారు?"

"ఆ మనిషెవరో తెలియదనే సంతకం పెడతాను. మీరు మాత్రం ఏదీ దిద్దకండి. వచ్చే ఏడూ, ఆ పై ఏడూ, ఇదే రోజున పోయాడనే చదివించండి. మా వాడు వింటాడు."