నాగక్క పేరు చెక్కిన బండ

కొలత తప్పలేదే నాగూ, అదే నా ఏడుపు. కొలత తప్పింటే ఆ బండ కోసిన పురుషోత్తాన్ని నాలుగు తిట్టి ఊరకుందును.

నీ సమాధి కట్ట నాలుగు మూలలూ నాలుగు రకాలు గదా. ఈ పక్క కదలని పెద్ద గుండురాయి, ఆ పక్క ఈశ్వరప్ప చేని గట్టు. ఉండే సందులోనే నిన్ను పెట్టినాము. అందుకని కట్ట మీద పేపరు పరిచి, అంచెంబడి కత్తిరించి బర్గూరు బండల ఫ్యాక్టరీకి తీసుకపోయినాను. ఇన్నేండ్లు ఆడ రాళ్ళు మోసినానని ఓనరు ఒక నల్ల బండ ఊరికే ఇచ్చినాడు. పైన నున్నగా పాలిష్ పట్టిచ్చి, నీ పేరు చెక్కిచ్చి తెచ్చినాను. రేపు నేను పోయినాక ఈడుండేది నువ్వని చెప్పేదానికి ఇంకేముండాది, చెప్పు?

తెచ్చి పెడితే కూర్చోలేదే. ఇట్ల జరిపితే గుండుకు తగిలె. అట్ల తిప్పితే ఈశ్వరప్ప చేన్లోకి మూల పొడుచుకొనె. "వేలెడు కూడా నా పక్కకు రాకూడదప్పా" అనేసినాడు ఆయప్ప.

మీ చెల్లెలు నళిని వచ్చింది. రాయకోట ఇస్కూల్లో లెక్కల టీచరమ్మ గదా. కట్టకొకటి, బండకొకటి అట్టముక్కలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి జరిపింది, తిప్పింది. కడాకు ఒకదాన్ని బోర్లించింది. చక్కగా అతుక్కొనె.

"రెండూ సర్వసమానమే బావా. ఒక భుజం తప్పు లేదు, ఒక కోణం తప్పు లేదు. జరిపితే, తిప్పితే చాలదు, బోర్లిస్తేనే కలుస్తాయి. పేపరును తిరగేసి పెట్టి కోసుంటారు" అనె.

బోర్లిస్తే పేరు కిందికి పోదా అమ్మా అంటే, అట్టముక్కలు ఏరి సంచిలో పెట్టుకునింది.

పేపరుకు రెండు పక్కలా అచ్చే గదే. యా పక్క పైనో నేనూ చూడలేదు, కోసిన పురుషోత్తమూ చూడలేదు.

కోసి సరిచేద్దామంటే నీ పేరులో సగం పోతుంది. వెనక మళ్ళా చెక్కితే పగులుతుందంట, పల్చని బండ. ఇంకొకటి అడిగితే ఓనరు తల కూడా ఎత్తలేదు.

పొద్దున నలుగుర్ని పిలిచి బోర్లించేసినానే. చీమ దూరే సందు లేకుండా కూర్చునింది. గరుకు పక్క పైకి, నీ పేరు నీ పక్కకు. కెంపమ్మ మేకలు అప్పుడే ఎక్కి నిలబడినాయి.

నీకేమో చదవను రాదు. చదవను వచ్చినోళ్ళకు అది కనపడదు. ఏం చేసేది, పండుకో.