సెలవుల్లో పడ్డ హాజరు

హలో… ఆ, నేనే. నీ మొగుణ్ణే, తోమాని…

కేరేజీ మర్సిపోలేదే! గేటు కాడ ఆపేసినారు నన్ను. దొంగ హాజరంట!

…ఇలాగిను. జీడిపప్పు ఫ్యాక్టరీ గేటుకి మొకం సూసి హాజరేసే మిషనుందా? ఈ పది రోజుల సెలవులూ అది రోజూ నాకు హాజరేసిందంట. క్రిస్మస్ నాడు కూడా!

…ఎలాగొత్తానే? ఫ్యాక్టరీకి తాళం. మనం నిమ్మాడలో మీ అమ్మోలింట్లో. క్రిస్మస్ నాడు చర్చి నాటకంలో హేరోదు రాజుని నేనే కదా, ఊరంతా సాచ్చికం!

…ఆ, మీసం ఊడిపోయిందీ సూసినార్లే. అదిప్పుడెందుకు?

మేనేజరు తొమ్మిదికొత్తాడు. ఈలోగా నా మొకంతో హాజరేసినోడెవడో తేలకపోతే పనిలోంచి తీసెత్తారంట…

నవ్వకు! నాకు మీ శామ్యూల్ అన్న మీద అనుమానం… పోలిక నేదా? నిజవే, ఆడి మొకం సూత్తే మిషను గేటేసెత్తది…

సరే, సరే! మీ అన్న అందగాడే!

ఉండుండు… ఇన్నావా? ‘నమస్కారం తోమా’ అంది మిషను, హాజరేసి! నేను గోడవారనున్నాను. మిషను ముందు పురుగు కూడా నేదే!

…వాచ్‌మేన్ అప్పలసూరా? ఆడు బల్ల కిందకి దూరిపోనాడు. పాస్టరు గారిని పిలవమంతన్నాడు.

…ఉద్దానం కొబ్బరికాయల లారీ వొచ్చి గేటుకి అడ్డంగా ఆగింది. మిషను నోరు మూసుకుంది…

కదిలింది లారీ…

‘నమస్కారం తోమా’! మళ్ళీ! అంటే రోడ్డవతల… మంచు ఇడిపోయింది, అవుపడతంది… ఓలమ్మో!

నేనే! ఎనిమిదడుగులున్నాను! కోటేసుకుని, కేకు పట్టుకుని, పళ్ళికిలించి నవ్వుతన్నాను! ఫ్లెక్సీ! ‘క్రిస్మస్ శుభాకాంక్షలతో మీ తోమా’!

…నాకు కోటెక్కడిదే?

ఎవడు కట్టినాడిది? సుహాసినీ… కేరేజీ మాటెందుకే ఇప్పుడు?… సుహాసినీ!

నువ్వా!

…ఊరెల్లే ముందు? నాకు సెప్పకుండా?… ఓహో, ఫ్యాక్టరీలో నా ఇలువ పెరగాలనా? పెరిగిందే! పది రోజులు సెలవు లేకుండా పనిసేసినోణ్ణి నేనొక్కణ్ణే!

…ఏడవకు. నీ పేరు సెప్పను. మీ అమ్మ మీదొట్టు… సరే, మా అమ్మ మీదే.

మేనేజరు బండొచ్చింది. ఫోన్ పెట్టీకు…

నమస్కారం సార్! దొంగ దొరికినాడు సార్… అడుగో, రోడ్డవతల, కోటేసుకుని. నేనే గానీ నేను కాదు సార్.

…కట్టిందెవరా? తెల్దు సార్.

…పోలీసులా? ఇప్పుడేనా?… బండెక్కాలా సార్?

మా ఆవిడ సార్! సుహాసిని!

హలో?… హలో—