రాని వానకు రాసిన సెలవు

"అమ్మమ్మా, మా స్కూల్ల పోయినేడాది లెక్కల పాఠాల ప్లాను ఇచ్చిండ్రు. చూసి రాసేస్తే అయిపోతది గదా?"

చూసి రాస్తవా? ఏందే కొత్త టీచరమ్మా, నువ్వు సుతనా! ఇట్ల కూసో. నేను మీ బళ్లెనే టీచర్గ కొత్తగ చేరినప్పుడు, చిలకలగూడ నుంచి నడిచి పోతుంటి, మీ తాత సైకిల్ మీద దింపుతనంటే సిగ్గయ్యేది... సరే, అదొదిలెయ్. నాకు ఆరో తరగతి ఇచ్చిండ్రు. బడి షురూ కాకముందే హెచ్చెమ్మమ్మ, అదే మా హెడ్మిస్ట్రెస్సు, పాత ప్లాను చేతిల పెట్టి, "సంవత్సరం మార్చి రాయి" అన్నది. రాసిన. అందరు గట్లనే రాస్తుండె.

ఆగస్టుల భిన్నాలొచ్చినయ్. ప్లాన్ల రెండు వారాలే ఉంది. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే, క్లాసంత నాలుగో వంతే అన్నది, నాలుగు పెద్దది గద అని! రెజిమెంటల్ బజార్ల దర్జీ బిడ్డ ఒకతి ఉండె. పావు గజం, ముప్పావు గజం నోటికి చెప్తది, బోర్డు మీద రాస్తే బిక్కమొహం వేస్తది. నాకు కడుపు మండింది. పిల్లల మీద కాదే, నా మీద నాకే. వాళ్ల మొహాలు చూడకుండ రాస్తిని గద! ఇగ అన్నీ ఆపి, గుడ్డపేలికలు తెచ్చి, మడతలు పెట్టిచ్చి, రెండు నెల్లు భిన్నాలే చెప్పిన.

హెచ్చెమ్మమ్మ పిలిచింది. "ప్లాను ప్రకారం పోకుంటే నిన్ను పర్మనెంట్ చెయ్యం" అన్నది. మీ తాతకు అప్పుడు పని లేకుండె, ఇల్లు నా మీదనే. గని ప్లాను తెరిచి చూపిచ్చిన. "సెప్టెంబర్ రెండో వారం: బడిలకు నీళ్లొచ్చినయ్, పాఠం లేదు" అని ఉంది! ఎన్నడో వానలకు ఎవరో రాసుకున్నది. అందరం జూన్లనే అది సుత కాపీ కొట్టినం, ఆమె సంతకం పెట్టింది. "రాని వానకు పాఠం ఆపనిచ్చినవ్, పిల్లలకు లెక్క రాకుంటే ఆపొద్దా అమ్మా?" అన్న.

మరుసటేడు ప్లాన్ల, నేను చెప్పిన తీరే రాసిన. ఏడాది ఆపిండ్రు నా పర్మనెంటు. ఆపుకోనియ్! దర్జీ బిడ్డ బోర్డు మీద ముప్పావు రాసింది, నాకు గది చాలు.

ఏదీ, నీ చేతిల ఆ పాత ప్లాను ఇటియ్యి. జెర కండ్లద్దాలందుకో. "ఆగస్టు, సెప్టెంబర్: భిన్నాలు. గుడ్డ మడతలు..." ఓ దేవుడా, ఇది నాదేనే! ఇన్నేండ్ల సంది దీన్ని సుత కాపీ కొడుతున్నరా?

వద్దు బిడ్డా. నాదైనా సరే, రాయకు. ముందుగాల పిల్లల్ని చూడు, ఏమొస్తదో, ఏం రాదో అడుగు. ఎవరన్న కోపం చేస్తే, మా అమ్మమ్మ చెప్పిందను. సుద్దముక్క పట్టినన్ని దినాలు ప్రభువు నీకు ఓపికియ్యాలె, జెర మొండితనం సుత... పో, తెల్లకాయితం తెచ్చుకో.