దీపాన్ని ఆర్పే గాలి

1964 ఎండాకాలం. బెల్లంపల్లి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసిన ముసలాయన, కరీంనగర్ కాలేజీ ప్రయోగశాలలో పనిచేసే కూతురిని ఇంటికి తోలుకుపోదామని పొద్దుటి బస్సుకే వచ్చాడు.

“సంచి సర్దుకో బిడ్డా. మీ కాక ఓదెలును బాయిల మింగిన గాలితోని నీకేం పని? దీపమారితే ఎనుకకు మర్లాలె, బాయి కాయిదా గదే. ఆరిందిరా అని మొత్తుకున్న. వాడు ఇంకొక్కడుగేసిండు, గంతే.”

“గా గాలే బాపు. బొగ్గు కాలిస్తే వచ్చేది, మనం ఊపిరి ఇడిస్తే వచ్చేది. గీ గొట్టంల ఉన్నదదే. జర చూసినంక తిట్టు.”

“గీ నల్లపొడేంది?”

“నికెలు. కాల్చిన మట్టికి పట్టించిన. ఐదు తీర్ల చేస్తే ఒక్కటి పనిచెయ్యలే, గిది ఆరోది. వేడిజేసి, గా గాలిని హైడ్రోజన్‌తోని కలిపి దీనిమీదికెళ్లి పంపితే, అవతల మండే గాలై వస్తది. ఉత్త హైడ్రోజన్ మంట కనవడది, దీని మంట నీలంగుంటది.”

“దినాం ఎన్ని తట్టలు పోస్తవ్?”

“చెంచాడే బాపు. బొగ్గు లెక్క కాలి బూడిదకాదు. రెండు గాలులను కలుపుతది, తను ఎట్లున్నది గట్లనే ఉంటది.”

ఆమె గొట్టం కొసన అగ్గిపుల్ల గీసింది. నీలిమంట లేచి కదలకుండా నిలబడింది. ముసలాయన తలకు చుట్టిన రుమాలు తీసి చేతబట్టుకున్నాడు.

“దీపాన్ని ఆర్పే గాలి... దీపమై నిలవడ్డదా బిడ్డా?”

“నిలవడ్డది బాపు. సంచి సర్దాల్నా?”

“ఎందుకు? దీపం నిలవడితే ముంగటికే పోవాలె. నేనొక్కణ్నే ఇంటికి పోత. గని జర ఆర్పకు, ఇంకింతసేపు చూడనియ్యి.”