పిచ్చుకగారి అభ్యర్థన

1991వ సంవత్సరం జూన్ నెల పదిహేడవ తేదీ, సోమవారం ఉదయం, మన నదీ సమాచార రేడియో ప్రయోగశాలలోని రిసీవర్ల మరమ్మతు విభాగంలో జూనియర్ ఇంజినీరుగా, ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న మన మేడమ్ విధుల్లో చేరారు. చేరినట్టు పెట్టిన సంతకం తడి ఆరకముందే విభాగాధిపతిగారిని ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "సార్, ఈ పెట్టెకి సీలెందుకు వేశారండీ?" అని. నదుల వెంబడి నీటిమట్టం కొలిచే గేజిలు రేడియోలో పంపే సంకేతాలను అంకెలుగా మార్చే పెట్టె అది. ఒక కంపెనీ దాన్ని తయారుచేసి, మూత బిగించి, సీలు వేసి మన చేతిలో పెట్టింది. "లోపలేముందో మనకెందుకమ్మా, పనిచేస్తోంది కదా!" అని అధిపతిగారు సెలవిచ్చారు. ఆమె ఊరుకున్నారు. ఊరుకున్నారని మాటవరసకు అనడమే గానీ, ఆ ప్రశ్ననే వేషాలు మార్చి మనందరినీ నేటివరకూ అడుగుతూనే వచ్చారు.

ఆమె చేరిన కొన్నేళ్లకు ఆ కంపెనీ మూతబడింది. ఆ తరువాతి వానాకాలంలో, సరిగ్గా నదులు ఉరకలెత్తే వేళ, పెట్టె కూడా యజమానుల దారే పట్టింది. బాగుచేయడానికి పిలుద్దామంటే పలికే నాథుడు లేడు. విప్పి చూద్దామంటే లోపలి చిప్పుల మీద రాతలన్నీ కంపెనీవారు ముందే గీకేశారు. ఆ సీజనంతా మన సిబ్బంది టెలిఫోన్లు చెవులకు అతికించుకుని, ఒక్కో స్టేషను నుంచి ఒక్కో అంకె నోటిమాటగా రాబట్టారు. గొంతు పోయిన ఆ రోజుల్లోనే ఆమెకు పంతం పట్టుకుంది. సంకేతాన్ని అంకెగా మార్చే పనిని సాఫ్ట్‌వేరుగా మనమే రాసుకోవాలి, రాసిన ప్రతి అక్షరమూ ఎవరైనా చదువుకునేలా, మార్చుకునేలా బయట పెట్టాలి అన్నది ఆ పంతం. పై అధికారులు మొదట నవ్వారు, తరువాత విసుక్కున్నారు, చివరికి అనుమతించారు. ఈనాడు ఓపెన్ సోర్స్ అని మనం గర్వంగా చెప్పుకుంటున్న మన రేడియో సాఫ్ట్‌వేరు అలా పుట్టింది. సీనియర్ ఇంజినీరుగా, ఆపై విభాగాధిపతిగా పదోన్నతులు పొందుతూ కూడా ఆమె దాని ఆలనాపాలనా వేరొకరికి అప్పగించలేదు. దానిలో ఏ మార్పు కావాలన్నా ప్రపంచంలో ఎక్కడివారైనా అభ్యర్థన పంపవచ్చు, కానీ ఆమోదముద్ర మాత్రం ఆమెదే.

ఆ ఆమోదానికి ఒక ఆచారం ఉంది. కొత్తగా చేర్చిన భాగం ఎంత గొప్పదైనా సరే, శుక్రవారం టీ తాగిన తరువాత దాన్ని పీకి పక్కన పెట్టి, అది లేకుండా మిగతాది నడుస్తుందో లేదో చూడాలి. నడిస్తేనే ఆ భాగానికి మన ఇంట చోటు. "ఆపి చూద్దాం" అన్న ఆ రెండు మాటలే ఆమెకు మారుపేరై, కొత్తగా చేరినవారు అసలు పేరు తెలియక 'ఆపిచూద్దాం మేడమ్' అనే సంబోధించిన సందర్భాలున్నాయి. యాంటెనా ఇంజినీరుగారు సెలవు అడిగితే, "మీరు లేకుండా నడుస్తుందో లేదో ఆపి చూద్దాం, వెళ్లిరండి" అని తక్షణమే మంజూరు చేసేవారు. ఆయన సగం సంతోషంతోను, సగం అనుమానంతోను వెళ్లేవారు.

మూడేళ్ల క్రితం వేసవిలో ఎగువ స్టేషను పక్కన కొత్తగా కరెంటు సబ్‌స్టేషన్ వెలిసింది. మర్నాటి నుంచే అక్కడి ఆపరేటరు ఫోన్ల మీద ఫోన్లు. "మేడమ్, గేజి మాట్లాడుతోంది గానీ నాకే వినబడట్లేదండీ. చెవి పక్కన ఎవరో పిండిమర ఆడిస్తున్నట్టుంది. సగం అంకెలు మింగేస్తోంది" అని ఆ ఆపరేటరమ్మ మొర. వానలు ముంచుకొస్తున్నాయి. నది పొంగితే దిగువ వీధులకు ముందుగా కబురందించవలసినది ఆ గేజియే.

సరిగ్గా ఆ సమయంలోనే 'పిచ్చుక' అన్న మారుపేరుతో ఒక అభ్యర్థన వచ్చింది. ఫలానా కంపెనీ ఇంజినీరింగ్ టూల్‌తో ఇటువంటి రొదను వడగట్టే ఫిల్టరును చక్కగా రూపొందించవచ్చుననీ, కాబట్టి మన సాఫ్ట్‌వేరు ఆ టూల్‌తో కలిసి పనిచేసే ఏర్పాటు చేయాలనీ, కోడు తాను రాసి ఇస్తాననీ అందులో ఉంది. అయితే ఆ టూల్ లోపల ఏముందో దాన్ని అమ్ముకునేవారికి తప్ప మరొకరికి తెలియదు. మూత బిగించిన పెట్టె మళ్లీ మన గుమ్మం ముందు నిలబడింది.

ప్రయోగశాల రెండుగా చీలింది. "ఇవాళ సగంమంది ఇంజినీర్లు చదువుకుంటున్నది ఆ టూల్ మీదేనండీ. మనం తలుపులేసుకుని కూర్చుంటే వాళ్లు మన దగ్గరికెలా వస్తారు?" అని యాంటెనా ఇంజినీరుగారు గట్టిగా వాదించారు.

"రావాలనే నాకూ ఉంది. కానీ రేపు కంపెనీవాళ్లు దాన్ని ఆపేశారనుకోండి, ఎగువ స్టేషను ఆపరేటరు ఎవరి గుమ్మం ఎక్కాలి?" అని మేడమ్ అడిగారు. దానికి జవాబు నిజానికి ఆమెకూ తెలియదు. అందుకే ఆమెకు ఆ అభ్యర్థన మీద అంత ఆసక్తి. తిరస్కరించి చేతులు దులుపుకోవచ్చు. ఆమె మాత్రం పిచ్చుకగారికి ప్రశ్నలు పంపడం మొదలుపెట్టారు. అటునుంచి ఓపికగా జవాబులు వచ్చేవి, జవాబు చివర ఒక ఎదురు ప్రశ్న కూడా ఉండేది. మొదటి రూపం తిరగ్గొట్టారు. రెండోదీ తిరగ్గొట్టారు.

ఇంట్లో భోజనాల దగ్గర ఇదే పురాణం. "ఆ పిచ్చుకగారెవరో గానీ ఉత్త మొండిఘటం. నేనొకటంటే ఆయన నాలుగంటాడు. బుర్ర మాత్రం పాదరసమే, కాదనను" అని ఆమె అంటుంటే, మరో సంస్థలో అంబులెన్సుల రేడియోలు తయారుచేసే ఇంజినీరైన కూతురు తలెత్తకుండా తినేసి లేచేది. లెక్కల మాస్టారైన భర్తగారికి మాత్రం ఆ రోజుల్లో భోజనాల వేళ తరచూ పొలమారేది. మంచినీళ్లు అందిస్తూ ఆమె కారణం అడగలేదు. ప్రపంచంలో అన్నిటికీ కారణం అడిగే మనిషి, పక్కనే కూర్చున్నవారికి పొలమారితే అడగకపోవడం విచిత్రమే.

మూడోసారి వచ్చిన కోడును మన ప్రయోగశాలలో ఎక్కించి, ఎగువ స్టేషను నుంచి తెప్పించిన సంకేతాల రికార్డింగు మీద నడిపారు. రొద మాయమైంది. శుక్రవారం టీ తరువాత టూల్‌ను కంప్యూటరులోంచి తీసేసి ఆపి చూశారు. ఏమీ చెక్కుచెదరలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ మాత్రం తెర మీదికి వంగి, "ఎందుకు పనిచేస్తోంది?" అన్నారు.

"పాసైతే కూడా ఎందుకని అడుగుతారా మేడమ్?" అని యాంటెనా ఇంజినీరుగారు తల పట్టుకున్నారు.

"టూల్ తీసేశాం కదండీ. వడగట్టేవాళ్లు లేనప్పుడు రొద మళ్లీ కాస్తయినా రావాలి కదా? ఇసుమంత కూడా రాలేదేం?"

ఆ సందేహం ఆమెను కూర్చోనివ్వలేదు. పిచ్చుకగారికి ఇలా రాశారు: "ఎగువ స్టేషనులో, మీ టూల్ ముఖమే ఎరగని కంప్యూటరులో ఆపి చూద్దాం. వీలుచేసుకుని తమరూ దయచేయగలరు."

మంగళవారం ఉదయం ఆఫీసు జీపు ఎగువ స్టేషను ముందు ఆగింది. ఒంటి గది, కిటికీకి ఆనించిన బల్ల, గోడకు వేలాడే హెడ్‌ఫోన్లు, వెనక సబ్‌స్టేషన్ గుయ్‌మనే మోత. వరండా బెంచీ మీద కంప్యూటరు సంచీ ఒళ్లో పెట్టుకుని, ఆపరేటరుతో టీ తాగుతూ కూతురు కనిపించింది.

"నువ్వేంటే ఇక్కడ? ఆఫీసు లేదూ?"

"పిచ్చుకగారు రమ్మన్నారట కదమ్మా."

"ఆయన నీకు తెలుసా? ఏరీ, ఇంకా రాలేదా?"

"ఆయనెవరూ లేరమ్మా. నేనే."

మేడమ్ జీపు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "ఇన్నాళ్లూ నా కంచం పక్కన కూర్చుని... చెప్పొచ్చు కదే!"

"చెబితే, నీ కూతురినని ఒప్పేసుకుంటావు. లేదా నలుగురూ ఏమంటారోనని అసలే ఒప్పుకోవు. నాకు రెండూ వద్దు. కోడు చూసి చెప్పాలి. నాన్నకొక్కరికే చెప్పాను."

మేడమ్‌గారికి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా గర్వం వచ్చింది. కళ్లు తుడుచుకుని, "సరే పిచ్చుకగారూ, లోపలికి రండి. ఆపి చూద్దాం" అన్నారు.

కోడు ఎక్కించారు. టూల్ లేదు. మీట నొక్కారు. తెర నల్లగా ఉండిపోయింది. ఆపరేటరు హెడ్‌ఫోన్లు తీసి మెల్లగా అంది: "ఇందాకటిదాకా సగం అంకెలైనా వచ్చేవి మేడమ్. ఇప్పుడు పిండిమర కూడా వినబడట్లేదు."

కూతురి ముఖం చిన్నబోయింది. వారాల తరబడి సెలవు రోజులన్నీ ధారపోసిన పని అది. చెప్పానా అనడానికి అంతకన్నా మంచి అదను ఏ తల్లికీ దొరకదు. మేడమ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "మరి మా దగ్గర ఎందుకు పనిచేసిందంటావ్?" అన్నారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. ఇద్దరూ తలలు ఆనించి కోడు వరస వరసా చదువుకుంటూ పోయారు. ఆపరేటరు మళ్లీ టీ పెట్టింది. ఆ టీ చల్లారిపోయాక కూతురు ఫక్కున నవ్వింది.

"దొరికిందమ్మా! టూల్ ఒకసారి లెక్కగట్టిన అంకెలు మీ కంప్యూటరులో ఒక మూల మిగిలిపోయాయి. వండినవాళ్లు వెళ్లిపోయారు గానీ గిన్నెలో కూర మిగిలింది. అది తిని పొయ్యి వెలుగుతోందనుకున్నారు మీరంతా!"

మనం ఇన్నేళ్లుగా చేస్తున్న పరీక్షలో ఉన్న లోటు అలా బయటపడింది. భాగాన్ని తీసేస్తున్నామే గానీ, అది వదిలి వెళ్లినవాటిని తీయడం మనకు తోచలేదు. మనకు సీలు పెట్టె అంటే భయం, ఖాళీ కంప్యూటరు సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ మధ్యాహ్నం తల్లీకూతుళ్లు కలిసి పద్ధతి మార్చారు. ఇకపై ఆపి చూసేటప్పుడు భాగంతోపాటు అది వదిలి వెళ్లినవాటినీ తీసేయాలి. టూల్‌తో ఫిల్టరు చేసుకునేవారు నిక్షేపంగా చేసుకోవచ్చు. కానీ అది లెక్కగట్టిన అంకెలు ఎవరైనా తెరిచి చదవగలిగే మామూలు ఫైలుగా బయటికి రావాలి, సాఫ్ట్‌వేరు ఆ ఫైలుతోనే నడవాలి. ఫైలు లేకపోతే పాత ఫిల్టరుతో కుంటుతూనైనా నడవాలి గానీ ఆగకూడదు. అవే అంకెలను టూల్ లేకుండా, నెమ్మదిగానైనా, లెక్కించే దారి కూడా పక్కనే ఉండాలి. ఆ చివరిది రాస్తానని మేడమ్‌గారే ఒప్పుకున్నారు.

"అయితే ఆమోదించినట్టేనా?" అని కూతురు అడిగింది.

"పిచ్చుకగారికి ఆమోదించాను. నీ సంగతి ఇంటికెళ్లాక చెప్తాను."

వానలకు ముందే ఆ మార్పు అన్ని స్టేషన్లకూ చేరింది. ఆ ఏడు నది పొంగినప్పుడు ఎగువ గేజి పంపిన ఒక్క అంకెను కూడా రొద మింగలేదు. దిగువ వీధులవారు పిల్లాపాపలతో, సామానుతో వెలుగుండగానే మెరక మీదికి చేరారు. అయినా మూత ఉన్న పనిముట్టుకు మన గుమ్మంలో చోటివ్వవచ్చునా అన్న చర్చ మన క్యాంటీనులో నేటికీ తెమలలేదు. తెమలకపోవడమే మంచిదని మేడమ్ అభిప్రాయం.

ఈ ఏడాది విరమణకు ముందు ఆమె ఫోను కట్టేసి పక్షం రోజులు సెలవు పెట్టారు. తనను తాను ఆపి చూసుకున్నారన్నమాట. అభ్యర్థనలు నిలిచిపోలేదు, గేజిలు మూగబోలేదు. తిరిగి వచ్చి సంగతులన్నీ విని, "పాసయ్యారన్నమాట" అన్నారు. ఆమెకు సంతోషమూ కలిగింది, కాస్త కష్టమూ తోచింది. అయితే ఆ పరీక్ష ఫలితాన్ని మనం పూర్తిగా చెప్పలేదు. కొత్త పద్ధతి ప్రకారం, తీసేసిన భాగం వదిలి వెళ్లినవాటిని కూడా తీసి చూడాలి కదా. ఆ పక్షం రోజులూ ప్రతి అభ్యర్థన దగ్గరా ఎవరో ఒకరం "ఎందుకు పనిచేస్తోంది?" అని అడుగుతూనే ఉన్నాం. మేడమ్, అది మీరు మా దగ్గర మిగిల్చినది. దాన్ని తీసి చూసే ధైర్యం మాకెవరికీ లేదు.

ఆమె ఇంట్లో ఖాళీగా కూర్చుంటారని ఎవరూ భ్రమపడటం లేదు. ఏదో ఒకనాడు కొత్త మారుపేరుతో ఒక అభ్యర్థన వస్తుందనీ, జవాబు చివర ఎదురు ప్రశ్న ఉంటే ఎవరిదో గుర్తుపట్టాలనీ పిచ్చుకగారు మాకు ముందే చెవిలో వేశారు. ఆనాడు ఏమాత్రం మొహమాటపడకుండా, "మీ దగ్గర ఆపి చూశారా?" అని అడుగుతాం, రెండుసార్లు తిరగ్గొడతాం కూడా. మాతో అలా వాదులాడేందుకు ఆమెకు సంపూర్ణ ఆరోగ్యమూ, చెక్కుచెదరని చూపూ, నిండు నూరేళ్ల ఆయుష్షూ ఉండాలనీ, భోజనాల వేళ మాస్టారుగారికి ఇకమీదట పొలమారకుండా ఉండాలనీ ప్రయోగశాల యావన్మందీ మనసారా కోరుకుంటున్నాం.